చిల్లిగవ్వ పుట్టిన దీవులు

“చేతిలో చిల్లిగవ్వ లేదు” అనే మాట మన ఇళ్లలో వినపడని నెల ఉండదు. నెలాఖరులో ఇల్లాలు అంటుంది. పెళ్లి ఖర్చుల లెక్క తేలిన రాత్రి తండ్రి అంటాడు. ఆ మాటలోని గవ్వ ఏమిటో, ఏ సముద్రం నుంచి వచ్చినదో ఆలోచించేవారు తక్కువ. మేమూ చాలాకాలం ఆలోచించలేదు. ఒకనాడు ఇబ్నె బతూతా యాత్రాగ్రంథం బోధిస్తూ మాల్దీవుల అధ్యాయానికి వచ్చినప్పుడు వెనుక వరుసలోని ఒక బాలుడు లేచి, “మౌలానా సాబ్, మా నాయనమ్మ మాటమాటకీ అనే చిల్లిగవ్వ ఇదేనా?” అని అడిగాడు. ఆ ప్రశ్న తరువాత ఆ దీవులను గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాము. ఆ చదువులోని కొంతభాగం ఈ వ్యాసం.

బాలుని ఊహ చాలావరకు సరైనదే. పూర్వం నాణెంగా చెలామణి అయినది బొటనవ్రేలి గోరంత ఉండే, పసుపు తెలుపు కలిసిన ఒక జాతి గవ్వ. అది విరగదు, అరగదు, దానికి నకిలీ తయారు చేయడం సాధ్యం కాదు. చేత లెక్కపెట్టవచ్చు, గంపలతో కొలవవచ్చు, తూకం వేయవచ్చు. బెంగాలులో శతాబ్దాలపాటు బజారు వ్యవహారం దానితోనే నడిచింది. ఒడిశాలో 19వ శతాబ్ది ఆరంభం వరకు రైతులు భూమిశిస్తు కూడా గవ్వలతో చెల్లించారు. ఆ గవ్వలలో అధికభాగం మాల్దీవుల నిస్సారమైన ఇసుక దీవుల నుంచి ఓడలలో వచ్చినవే. చిల్లు పడిన గవ్వకు విలువ లేదు గనుక పేదరికానికి అదే కొలమానమై మన భాషలో నిలిచిపోయింది.

ఇబ్నె బతూతా 1343లో ఆ దీవులకు చేరాడు. అప్పుడు సింహాసనంపై ఉన్నది సుల్తానా ఖదీజా. పండితుడైన పరదేశి దొరికాడని వారు ఆయనను ఖాజీగా నియమించుకున్నారు. ఆయన తన పదవిని చాలా కఠినంగా నిర్వహించాడు. ఒక దొంగకు చేయి నరికే శిక్ష విధించినప్పుడు సభలో ఉన్నవారిలో కొందరు మూర్ఛపోయారని తానే వ్రాసుకున్నాడు. స్త్రీల వస్త్రధారణను మార్చాలని ప్రయత్నించి విఫలమైనట్లు కూడా దాచకుండా వ్రాశాడు. ఖాజీ పదవి అధికారంతో కూడినదే అయినా, మెత్తని స్వభావం గల ప్రజల మధ్య దానికి కూడా హద్దులు ఉంటాయని ఆ పుటలు చదివేటప్పుడు మాకు అనిపిస్తుంది. ఆ సంగతి అటుంచుదాం.

మనకు కావలసినది ఆయన వ్రాసిన గవ్వల లెక్క. గవ్వలను సముద్రం నుంచి ఏరి, ఒడ్డున గుంతలలో పోసి ఉంచేవారు. లోపలి మాంసం కుళ్లిపోగా తెల్లని గుల్ల మిగిలేది. దానిని బెంగాలువారికి ఇచ్చి బియ్యం తెచ్చుకునేవారు. యెమెనువారు ఓడ తేలిపోకుండా అడుగున ఇసుకకు బదులుగా గవ్వలనే నింపుకొని పోయేవారు. మాల్దీవులలో ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు వచ్చేవి, ధర పడిపోయినప్పుడు అంతకంటే చాలా ఎక్కువ వచ్చేవి. కొన్ని సంవత్సరాల తరువాత ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ రాజ్యానికి పోయి, అవే గవ్వలు అక్కడ దీనారుకు 1,150 చొప్పున అమ్ముడుపోవడం చూశాడు. అనగా ఏరినవాని చేతిలో ఉన్న వెల, సముద్రాలు ఎడారులు దాటేసరికి దాదాపు 350 రెట్లు అయినది. ఆ తేడాలో ఏరినవానికి దక్కినది ఒక గంప బియ్యం.

ఈ లెక్కను మేము ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. ఏడు శతాబ్దాలు గడిచినా ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ ఇదే లెక్కపై నడుస్తున్నది. తాను తిననిదానిని అమ్మాలి, తాను పండించలేనిదానిని కొని తినాలి. అమ్మే సరుకు మారుతూ వచ్చింది గాని లెక్క మారలేదు.

నేల ఎంత, నీరు ఎంత

మాల్దీవులలో సుమారు 1,190 దీవులు ఉన్నాయి. వాటిలో ప్రజలు స్థిరంగా నివసించేవి 200 కంటే తక్కువ. ఉత్తరం నుంచి దక్షిణానికి ఈ దీవుల వరుస 800 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఇది ఇచ్ఛాపురం నుంచి తడ వరకు ఉన్న మన ఆంధ్ర తీరం పొడవు కంటే కొంచెం మాత్రమే తక్కువ. అంత పొడవున నీటి మధ్య చెదిరి ఉన్న నేలనంతటినీ ఒకచోట కుప్ప పోస్తే 298 చదరపు కిలోమీటర్లు. 650 చదరపు కిలోమీటర్లుగా ఉండిన హైదరాబాద్ నగర పాలక సంస్థ పరిధిలో సగానికి కూడా సరిపోదు. ఆ నేలలో 80 శాతం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తుకు లోపలే ఉన్నది. కొండ లేదు, నది లేదు. పగడపు పురుగులు యుగయుగాలుగా కట్టిన గోడలపై నిలిచిన ఇసుక తప్ప మరేమీ లేదు. అటువంటి పగడపు వలయాలను వారి దివేహి భాషలో “అతొళు” అంటారు. ప్రపంచ భూగోళ పుస్తకాలన్నింటిలో కనిపించే “అటోల్” అనే పదం ఆ భాష ఇచ్చినదే.

2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 5 లక్షల 15 వేల మంది నివసిస్తున్నారు. వారిలో స్వదేశీయులు 3 లక్షల 82 వేలు. మిగిలినవారు పని కోసం వచ్చిన పరదేశీయులు. అందులో బంగ్లాదేశ్ కార్మికులు ఎక్కువ. ఆసుపత్రులలో, పాఠశాలలలో భారతీయులు కూడా చాలామంది ఉన్నారు. జనాభాలో ప్రతి పది మందిలో నలుగురు రాజధాని మాలెలోనే ఉంటారు. అక్కడ నేల చాలక 1997 నుంచి సముద్రగర్భపు ఇసుకను తోడి పోసి హుల్హుమాలె అనే కొత్త దీవిని నిర్మించుకున్నారు.

నీటి సంగతి మరింత సున్నితం. వాన కురిసినప్పుడు ఆ నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటిపై పలుచని పొరగా తేలి నిలుస్తుంది. తియ్యని నీరు తేలిక, ఉప్పునీరు బరువు. బావి తవ్వితే దొరికేది ఆ పొరలోని నీరే. రెండు జలాలు పక్కపక్కనే ఉండి, నడుమ ఒక అడ్డుతెర ఉండే సంగతిని ఫుర్ఖాన్ సూరా ప్రస్తావించింది. దానిని బోధించేటప్పుడు మేము నదీముఖాన్ని మాత్రమే ఉదాహరణగా చెప్పేవాళ్లం. ఇప్పుడు మాల్దీవుల బావిని కూడా కలిపి చెబుతున్నాము. ఎక్కువ తోడినా, సముద్రం పొంగి పైకి వచ్చినా ఆ తెర చెదిరిపోతుంది. 2004 డిసెంబరు 26న మన కోస్తాను కూడా తాకిన సునామీ ఆ దీవులపై నుంచి పొర్లిపోయినప్పుడు చాలా బావులు ఉప్పెక్కాయి. నాటి నష్టం ఆ దేశ వార్షిక ఉత్పత్తిలో 62 శాతం అని అంచనా వేశారు. ఒక్క ఉదయంలో ఏడాది సంపాదనలో సగానికి పైగా కొట్టుకుపోయింది.

నేడు రాజధాని తాగేది సముద్రపు నీటిని శుద్ధి చేయగా వచ్చిన నీరు. 2014 డిసెంబరు 4న ఆ శుద్ధి కేంద్రంలో మంటలు రేగడంతో సుమారు లక్ష మంది నీరు లేక అల్లాడిపోయారు. భారతదేశం విమానాలలో, నౌకలలో మంచినీరు పంపింది. చుట్టూ సముద్రం ఉన్న నగరానికి విమానంలో నీరు దిగడం మనం టీవీలలో చూశాము.

ఆ దేశం ఇస్లాం స్వీకరించినది హిజ్రీ 548, అనగా క్రీస్తు శకం 1153లో. బౌద్ధుడైన రాజు ఒక పరదేశీ ధార్మికుని చేతిపై కలిమా చదివి ముస్లిం అయినాడు. ఆ ధార్మికుడు మగ్రిబు దేశీయుడని ఇబ్నె బతూతా వ్రాయగా, తబ్రీజు నుంచి వచ్చినవాడని మరికొందరు అంటారు. 1658లో పగడపు రాతితో చెక్కిన జుమా మస్జిదు మాలెలో నేటికీ ఉన్నది. మా విద్యార్థులను అన్నింటికంటే ఎక్కువ ఆకర్షించేది వారి తానా లిపి. అది అరబ్బీ వలె కుడి నుంచి ఎడమకు సాగుతుంది గాని, మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి పుట్టాయి. అంకెలతో అక్షరాలు అల్లుకున్న జాతి వర్తకం చేయక మరేం చేస్తుంది అని ఒకసారి తరగతిలో చమత్కరించాము.

సరుకు మారిన విధం

గవ్వల కథ సుఖాంతం కాలేదు. 17, 18వ శతాబ్దాలలో డచ్చి, ఆంగ్ల వర్తకులు మాల్దీవు గవ్వలను ఓడలకెత్తి ఐరోపాకు, అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాకు తరలించారు. ఆ గవ్వలిచ్చి మనుషులను కొని బానిసలుగా అమెరికా ఖండాలకు పంపారు. ఇసుకలో కూర్చొని గవ్వలు ఏరిన స్త్రీకి గాని, ఆమెకు బియ్యం ఇచ్చిన బెంగాలు వర్తకునికి గాని, ఆ గవ్వ ఎవరి కాళ్లకు సంకెల అవుతుందో తెలిసి ఉండదు. 19వ శతాబ్దిలో తూర్పు ఆఫ్రికా నుంచి మరో జాతి గవ్వలు కుప్పలుగా వచ్చిపడటంతో ఆ నాణెం విలువే కూలిపోయింది.

గవ్వ తరువాత చేప. ట్యూనా చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెడతారు. సింహళ వంటలలో “ఉంబలకడ” పేరుతో వాడేది ఇదే. దానిని కొనే దేశం ప్రధానంగా ఒక్కటే, శ్రీలంక. 1970ల ఆరంభంలో శ్రీలంక తన విదేశీ మారకద్రవ్యం కరవై ఆ దిగుమతిని కుదించినప్పుడు మాల్దీవుల జాలరుల గతి ఏమైనదో ఊహించవచ్చు. 1976లో దక్షిణాన గాన్ దీవిలోని బ్రిటిష్ వైమానిక స్థావరం మూతపడి అక్కడి ఉపాధి కూడా పోయింది. 1965 జూలై 26న స్వతంత్రం పొందిన ఆ దేశానికి ఆ దశాబ్దం గట్టి పరీక్ష. నేటికీ అక్కడ ట్యూనాను వలవేసి పట్టరు. చిన్నచేపలను ఎరగా చల్లి, కర్ర గాలంతో ఒక్కొక్కటిగా లాగుతారు. సముద్రాన్ని ఊడ్చివేయని ఈ పద్ధతిని లోకం మెచ్చుకుంటున్నది. అయితే దేశం కాస్త ఎదిగి 2011లో అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుంచి బయటపడగానే, 2014 నుంచి ఐరోపాలో ఆ చేపకు ఉన్న సుంకపు రాయితీ పోయింది. ఎదిగినందుకు కట్టిన జరిమానా అనక తప్పదు.

1972లో మాలె సమీపంలోని ఒక నిర్జన దీవిలో కొబ్బరాకుల కప్పుతో తొలి విడిది వెలసింది. నాటి నుంచి అమ్మే సరుకు ఇసుక, ఎండ, ఏకాంతం. ప్రభుత్వం ఒక్కొక్క నిర్జన దీవిని ఒక్కొక్క సంస్థకు దీర్ఘకాలిక గుత్తకు ఇస్తుంది. ఒక దీవిలో ఒకే విడిది. 2024లో వచ్చిన పర్యాటకుల సంఖ్య 20 లక్షలు దాటింది. అంటే ప్రతి స్వదేశీయునికి ఐదుగురు అతిథులు. వారి నుంచి వచ్చే పన్నుతోనే పాఠశాలలు, ఆసుపత్రులు, దీవి నుంచి దీవికి పోయే పడవలు నడుస్తున్నాయి. తలసరి ఆదాయంలో దక్షిణాసియాలో ఆ దేశానిదే ప్రథమ స్థానం. ఈ విజయాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం.

కాని గవ్వల లెక్క ఇక్కడ కూడా తిరిగి వస్తుంది. పర్యాటకుడు తన దేశంలోనే, తన బ్యాంకు ద్వారానే గది అద్దె చెల్లిస్తాడు. విడిదిలో వడ్డించే మాంసం, పండ్లు, పాలు విదేశాల నుంచి వస్తాయి. పనివారిలో చాలామంది పరదేశీయులు. డబ్బు ఆ దీవిపై నుంచి అల వలె వచ్చి అల వలె పోతుంది. 2024 అక్టోబరులో ప్రభుత్వం పెద్ద విడిదులకు ఒక నిబంధన పెట్టింది. ఒక్కో పర్యాటకునికి 500 డాలర్ల చొప్పున స్థానిక బ్యాంకులలో స్వదేశీ నాణెంలోకి మార్చవలెనని అడిగింది. తమ నేలపై సంపాదించిన డాలరును తమ బ్యాంకుకు చూపించమని బతిమాలడం వంటిదే ఇది.

2020లో ఆ అల రాలేదు. మార్చి చివర మూసిన తలుపులు జూలై 15న తెరిచారు. ఆ సంవత్సరం దేశపు ఉత్పత్తి మూడవ వంతు పడిపోయింది.

ఇతర చిన్న దీవులు ఏ దారి పట్టాయని పాఠకులు అడగవచ్చు. మన తెలుగువారు కూలీలుగా పోయి స్థిరపడి, నేటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు పొందుతున్న మారిషస్ చెరకు మీద బతికింది. 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక చట్టం చేసి బట్టల మిల్లులు పెట్టుకున్నది. అయితే మారిషస్ నేల 2,040 చదరపు కిలోమీటర్లు, తోటకు, కర్మాగారానికి చోటున్నది. పసిఫిక్ లోని నౌరూ 21 చదరపు కిలోమీటర్ల దీవి. తన ఎరువు రాతిని తవ్వి అమ్మి 1970లలో ప్రపంచంలోని ధనిక దేశాలలో ఒకటి అయినది. రాయి తరిగిపోయింది, దాచిన నిధి దుర్వినియోగమైనది, తవ్విన నేల మిగిలింది.

ఇంకా తీరని ప్రశ్న

మన పత్రిక పాఠకులు ఇక్కడ మమ్మల్ని నిలదీస్తారని తెలుసు. పౌరసత్వానికే ఇస్లాం షరతుగా రాజ్యాంగంలో వ్రాసుకున్న దేశం, మద్యం పోసే విడిదులతో ఎలా బతుకుతున్నది?

వారు వేసుకున్న గీత ఇది. ప్రజలు నివసించే దీవులలో మద్యం, పంది మాంసం నిషిద్ధం. విడిది దీవులలో పరదేశీయులకు అనుమతి. ఆ పానీయం అందించే పని స్వదేశీ ముస్లింలు చేయరు, విదేశీయులు చేస్తారు. 2009 తరువాత సామాన్య దీవులలో కూడా అతిథి గృహాలకు అనుమతి ఇచ్చినప్పుడు, మద్యం లేకుండానే, పరదేశీయుల స్నానానికి కంచె కట్టిన తీరభాగాన్ని కేటాయించారు. 2011 డిసెంబరులో ధార్మిక వర్గాలు పెద్ద నిరసన జరిపాయి. ప్రభుత్వం కొద్దిరోజులు విడిదులలోని మర్దన కేంద్రాలను మూయించి, మద్యం దిగుమతి ధర్మసమ్మతమా అని సుప్రీం కోర్టును అడిగింది. కోర్టు అభిప్రాయం చెప్పడానికి నిరాకరించింది.

మేము ఫత్వా ఇచ్చే స్థానంలో లేము. మద్యం వ్యాపారం హరామ్ అన్నదానిలో ధర్మవేత్తల మధ్య భేదం లేదు. అది చెప్పడానికి ఆలోచన అక్కరలేదు. కాని ఆ వాక్యం పలికిన తరువాత, ఆ దీవిలో పుట్టిన యువకునికి మరే పని చూపుతామన్నది మన ముందు నిలిచే రెండవ ప్రశ్న. హజ్రత్ ఇబ్రాహీం (అ) తన సంతతిని పైరు పండని లోయలో నిలిపినప్పుడు నమాజుతో పాటు వారి ఆహారం కోసం కూడా దుఆ చేశారు. ఖురైషులకు అల్లాహ్ గుర్తు చేసిన అనుగ్రహాలలో శీతాకాల, వేసవికాల వర్తక యాత్రలు ఉన్నాయి, ఆకలిలో దొరికిన ఆహారం ఉన్నది. పండని నేలపై ఉన్నవాడు వర్తకం చేయాలి. ఏమి వర్తకం చేయాలన్నది అతనికి ఉన్న దారులను బట్టి ఉంటుంది. గోదావరి కాలువ కింద కూర్చున్న మనం ఆ తీర్పు చెప్పే ముందు కొంత నెమ్మదిగా మాట్లాడటం మంచిదని మా అభిప్రాయం. మద్యం లేని అతిథి గృహాలు ఆ దేశపు సామాన్య దీవులలో పెరుగుతూ ఉండటం మాత్రం మేము ఆనందంతో గమనిస్తున్నాము. అక్కడ అద్దె డబ్బు ఆ దీవి కుటుంబాలకే చేరుతుంది.

అప్పు సంగతి కూడా ఈ ప్రశ్నలో భాగమే. వంతెనలకు, విమానాశ్రయానికి, సముద్రంలో నేల పోయడానికి తెచ్చిన అప్పులు దేశపు వార్షిక ఉత్పత్తిని మించిపోయాయి. 2021లో అది “సుకూక్” పేరిట మొత్తం 50 కోట్ల డాలర్లు సేకరించింది. వడ్డీకి బదులు ఆస్తిపై వచ్చే ప్రతిఫలాన్ని మదుపుదారులకు పంచే పత్రాలు ఇవి. ప్రతిఫలం ఏటా 9.875 శాతం, గడువు 2026. 2024 సెప్టెంబరులో ఆ పత్రాల ధర మార్కెట్లో డాలరుకు 70 సెంట్ల దరిదాపులకు పడిపోయింది. ఒక వాయిదా, సుమారు 2 కోట్ల 50 లక్షల డాలర్లు, కట్టగలదా లేదా అన్న అనుమానం లేచింది. కట్టింది. అదే నెలలలో భారతదేశం 40 కోట్ల డాలర్లు, మరో 3,000 కోట్ల రూపాయల మేరకు మారకపు సదుపాయం కల్పించింది. పత్రంపై వడ్డీ అనే మాట లేకపోవడం శరీఅత్ దృష్టిలో చిన్న విషయం కాదు. కాని తొమ్మిది శాతానికి పైబడిన భారాన్ని మోసే జాలరికి, హోటల్ పనివానికి ఆ భేదం ఇంట్లో తెలియదు. సుకూక్ గురించి వ్రాసేవారు ఈ రెండవ సంగతిని కూడా వ్రాయాలి.

ఇక వంటింటి లెక్క. 1981 నుంచి అమలులో ఉన్న ఒప్పందం ప్రకారం భారతదేశం ఏటా నిర్ణీత పరిమాణంలో నిత్యావసరాలను మాల్దీవులకు పంపుతున్నది. 2024-25 సంవత్సరానికి కేటాయించినది బియ్యం 1,24,218 టన్నులు, గోధుమపిండి 1,09,162 టన్నులు, చక్కెర 64,494 టన్నులు, ఉల్లిగడ్డలు 35,749 టన్నులు, కోడిగుడ్లు 42 కోట్ల 75 లక్షలు. ఈ జాబితాలో ఒక పంక్తి చూసి మేము చదవడం ఆపివేశాము. నది ఇసుక 10 లక్షల టన్నులు, కంకర మరో 10 లక్షల టన్నులు. ఇసుకపైనే నిలిచిన దేశం ఇల్లు కట్టుకోవడానికి ఇసుకను కొనుక్కుంటున్నది. పగడపు ఇసుకలో ఉప్పు, గుల్ల ఉండటం వలన కాంక్రీటుకు పనికిరాదు. తవ్వితే దీవికే ముప్పు.

2023లో మన ప్రభుత్వం దేశీయ ధరలు పెరుగుతున్నాయని తెల్లబియ్యం, తరువాత ఉల్లి ఎగుమతులను ఆపినప్పుడు ఇక్కడ మన వార్తలలో అది రైతు, వినియోగదారుల తగవుగానే వచ్చింది. అక్కడ అది ఇల్లు గడిచే ప్రశ్న. ప్రత్యేక ఒప్పందం వలన వారి వాటా ఆగలేదు. రమజాను చివర ఆ దీవులవారు ఫిత్రా దానాన్ని బియ్యం, గోధుమపిండి ధరలపై లెక్కగడతారు. రెండూ వారి నేలలో పండేవి కావు.

మాల్దీవుల కుటుంబాలు ఉదయం తినేది మస్ హుని. ట్యూనా చేపను చిదిమి, కొబ్బరి కోరు, తరిగిన ఉల్లి, మిరప, నిమ్మరసం కలిపి చేతితో నలుపుతారు. పలుచని రొట్టెతో తింటారు, దానిని రోషి అంటారు. చేప వారిది, కొబ్బరి వారిది, మిరప పెరటిది. రొట్టె పిండి, ఉల్లిగడ్డ మాత్రం ఓడ దిగి రావాలి.